నుఖ్తా

జిల్లా అన్న మాట తెలుగు మాటేనని చాలామంది అనుకుంటారు. అనుకోనివ్వండి. ఇన్ని తరాలు ఇంట్లో ఉన్నాక అది ఇంటి మనిషే. తాలూకా, తహసీల్దారు, దస్తావేజు, దరఖాస్తు, బందోబస్తు... ఇవన్నీ అరబ్బీ, ఫార్సీ ఇళ్ళల్లో పుట్టి, మా ఉర్దూ వాకిలి మీదుగా తెలుగింట్లోకి నడిచొచ్చినవే. ఇరవై ఏళ్ళ విలేకరి జీవితం నేను ఈ మాటలతోనే నెట్టుకొచ్చాను. వార్త రాస్తే మొదటి లైన్లో ఊరు, పక్కన జిల్లా. ఊరు అమలాపురమో రాజోలో కొత్తపేటో, ఏదైనా జిల్లా మాత్రం తూర్పు గోదావరి. చెయ్యి దానంతటదే రాసేసేది.

2022లో ఆ అలవాటు రెండుసార్లు మార్చుకోవాల్సి వచ్చింది. ఏప్రిల్ 4న అమలాపురం కేంద్రంగా కోనసీమ జిల్లా పుట్టింది. ఆగస్టుకల్లా అది డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లా అయింది. ఊళ్ళు అంగుళం కదల్లేదు. గౌతమి అక్కడే, వశిష్ఠ అక్కడే, కొబ్బరి తోటలూ అక్కడే. నా మెయిల్ మాత్రం మూడు పేర్ల మధ్య ముక్కలైంది.

మెయిల్ సంగతి ఎందుకంటారా? మా తరం విలేకరులకు మెయిలే బీరువా. ముందు తరంవాళ్ళు కాగజాత్ గుడ్డ బస్తాల్లో కట్టి అటక మీద పెట్టేవాళ్ళు. మేము పంపిన వార్త, ఫోటో, డెస్క్ అడిగిన ప్రశ్న, మనం చెప్పిన జవాబు, అన్నీ మెయిల్లోనే ఉంటాయి. నాకు అలాంటి సందూకులు నాలుగున్నాయి. పాత కంప్యూటర్లో అవుట్‌లుక్, దాని పీఎస్టీ ఫైలు. తర్వాత కొన్న ల్యాప్‌టాప్‌లో థండర్‌బర్డ్. ఫోన్ వచ్చాక జీమెయిల్. ఇవి కాక, సొంతంగా ఒక చిరునామా ఉండాలన్న షౌఖ్‌తో అద్దెకు తీసుకున్న చిన్న సర్వర్ మీద ఇంకో పెట్టె. ఒక్కోదాంట్లో ఒక్కో కాలపు కోనసీమ, ఒక్కో రకం పేరుతో ఉంది. కొన్ని ఇంగ్లీషులో, కొన్ని తెలుగులో. ఉర్దూ పత్రికకు రాసిన రోజులవి ఉర్దూలో. మొత్తం మూడు వందల పైచిలుకు ఫోల్డర్లు.

నిరుడు కొత్తపేట వైపు నుంచి ఒక పెద్దాయన వెతుక్కుంటూ వచ్చారు. "సాయిబు గారూ, ఆ రోజు అమలాపురంలో మీరు తీసిన ఫోటోలు తేదీతో సహా ఉంటాయంట కదా" అన్నారు. ఆ రోజంటే 2022 మే 24. ఆయన కొడుకు మసలా వాళ్ళ ఇంటిది, ఇక్కడ రాయను. ఆయనకు కావలసింది ఫోటో ఒక్కటే కాదు. అది ఏ గంటకు తీసింది, ఏ గంటకు పంపింది, అదీ కావాలి. నాలుగు సందూకులు తిరగేసి ఒకటిన్నర రోజులో వెతికి ఇచ్చాను. ఇచ్చాక కూర్చుని ఆలోచించాను. ఇలా అడిగేవాళ్ళు ఇంకా వస్తారు. ఇవి నా సొత్తు కాదు, నా దగ్గరున్న అమానత్. అమానత్ అడిగినప్పుడు వెంటనే చేతికందాలి. నాలుగు పెట్టెల్లోనూ ఒక్కో చోటుకు ఒక్కటే పేరుండాలి.

మూడు వందల ఫోల్డర్ల పేర్లు చేత్తో మార్చడం కుదరని పని. మా ఆపా కొడుకు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. పండక్కి వచ్చినప్పుడు వాణ్ణి పట్టుకున్నాను. "దీనికేముంది మామూ, పైథాన్‌లో చిన్న స్క్రిప్టు రాస్తే గంటలో అయిపోతుంది" అన్నాడు. స్క్రిప్టు నిజంగా చిన్నదే. ఏ పెట్టెలో పేరు ఎక్కడ కాపురముంటుందో తెలుసుకోవడానికే ఎక్కువ సమయం పట్టింది. ఆ వివరం చెప్తాను, మీకూ పనికొస్తుంది.

థండర్‌బర్డ్ మామూలుగా ఒక ఫోల్డర్లోని ఉత్తరాలన్నీ ఒకే పొడుగాటి ఫైల్లో, చిట్టా పుస్తకంలో పద్దుల్లాగా, ఒకదాని కింద ఒకటి రాస్తుంది. ఎంబాక్స్ పద్ధతి అంటారు. ఆ ఫైలు పేరే ఫోల్డరు పేరు. పిల్ల ఫోల్డర్లుంటే అదే పేరుతో పక్కనే ఇంకో డైరెక్టరీ, వేగంగా వెతకడానికి ఒక సూచిక ఫైలు కూడా ఉంటాయి. బయట నుంచి స్క్రిప్టుతో పేరు మార్చాలంటే ముందు థండర్‌బర్డ్ మూసెయ్యాలి. ఉత్తరాల ఫైలు, పిల్లల డైరెక్టరీ, రెండింటికీ ఒకే కొత్త పేరు పెట్టాలి. పాత సూచికను తీసేస్తే తెరిచినప్పుడు అదే కొత్తది రాసుకుంటుంది. ఒకదానికి మార్చి రెండోదాన్ని వదిలేస్తే తల్లీపిల్లలు విడిపోతారు.

అవుట్‌లుక్ తీరు వేరు. పీఎస్టీ లోపల ప్రతి ఫోల్డరుకూ ఒక గుర్తింపు సంఖ్య ఉంటుంది. పేరు దాని మీద అతికించిన చీటీ. చీటీ మార్చినా లోపల మనిషి అదే మనిషి. ఫలానా ఉత్తరాలు ఫలానా ఫోల్డర్లో వెయ్యి అని మనం పెట్టుకున్న రూల్స్ కూడా ఆ సంఖ్యనే పట్టుకుని ఉంటాయి గనక చెక్కుచెదరవు. జీమెయిల్‌లో అయితే అసలు ఫోల్డర్లే లేవు, లేబుళ్ళే ఉన్నాయి. 2022 జూలై వరదల్లో లంక గ్రామాల నుంచి పంపిన ఒకే ఉత్తరానికి 'వరదలు' అనీ 'రాజోలు' అనీ రెండు లేబుళ్ళు ఉండొచ్చు. లేబులుకూ లోపల ఒక సంఖ్య ఉంటుంది, ఫిల్టర్లు దాన్నే చూస్తాయి. పేరు మార్చడం వాటికి చొక్కా మార్చుకోవడంతో సమానం.

నాలుగోది నా సర్వర్ పెట్టె. అది మెయిల్‌డిర్ పద్ధతి. ప్రతి ఉత్తరమూ ఒక విడి ఫైలు, ప్రతి ఫోల్డరూ ఒక డైరెక్టరీ. తల్లి ఫోల్డర్లో పిల్ల ఫోల్డర్ ఉందని చెప్పడానికి డైరెక్టరీ లోపల డైరెక్టరీ పెట్టదు. పేర్లను వరుసగా రాసి మధ్యలో చుక్క పెడుతుంది. 'కోనసీమ.రాజోలు' అంటే కోనసీమ ఇంట్లో రాజోలు గది.

ఆ చుక్క దగ్గరే మా పని ఆగింది.

కొత్త పేరు చూడండి: డా. బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ. ఎన్ని చుక్కలు? 'డా' తర్వాత ఒకటి, 'బి' తర్వాత ఒకటి, 'ఆర్' తర్వాత ఒకటి. ఖాళీ పెట్టె ఒకటి తయారుచేసి, అందులో ఈ పేరు పెట్టి చూపించాడు మా వాడు. సర్వర్ దాన్ని ఒక పేరుగా చదవలేదు. 'డా' అనే ఇంట్లో 'బి' అనే గది, అందులో 'ఆర్' అనే అర, ఆ అర లోపల అట్టడుగున 'అంబేద్కర్ కోనసీమ'. ఒక మనిషి పేరు నాలుగు ముక్కలైంది. జీమెయిల్లో ఇదే పేరు హాయిగా కూర్చుంటుంది. అక్కడ తల్లీపిల్లల్ని విడదీసేది చుక్క కాదు, ఏటవాలు గీత. ఇక్కడ మామూలు అక్షరం అక్కడ సరిహద్దు గోడ అవుతుంది.

ఉర్దూ బళ్ళో చదువుకున్నవాణ్ణి, చుక్క విలువ నాకు చెప్పనక్కర్లేదు. మా ఉస్తాద్ పలక మీద ఒక మాట రాసి, చుక్క పైన పెడితే ఖుదా, అదే చుక్క కిందికి దిగితే జుదా అని చూపించేవారు. దేవుడికీ ఎడబాటుకూ మధ్య ఉన్నది ఒక్క నుఖ్తా. నలభై దాటాక ఆ పాఠం సర్వర్ దగ్గర మళ్ళీ ఎదురైంది.

మా వాడికి ఇదంతా పట్టదు. "మామూ, అంత పొడుగు పేరెందుకు? డాక్టరూ బీఆరూ అన్నీ తీసేసి 'కోనసీమ' అని పెట్టండి. జనం అలాగే అంటారు కదా" అన్నాడు. వాడిలో ఏ దురుద్దేశమూ లేదు. సాఫ్ట్‌వేర్ కుర్రాడు, అడ్డొచ్చిన అక్షరాన్ని తీసెయ్యడమే వాడికి తెలిసిన ఇలాజ్. నాకు మాత్రం చెయ్యి కదల్లేదు.

ఆ పేరు కోసం ఏం జరిగిందో దగ్గర నుంచి చూసినవాణ్ణి. 2022 మే 18న ప్రభుత్వం పేరు మారుస్తామని ప్రాథమిక నోటిఫికేషన్ ఇచ్చి, అభ్యంతరాలుంటే ముప్పై రోజుల్లో చెప్పమంది. ఆరో రోజున, మే 24న, అమలాపురం మండిపోయింది. పేరు వద్దన్న గుంపు మంత్రి పినిపే విశ్వరూప్ ఇంటికి, ముమ్మిడివరం ఎమ్మెల్యే పొన్నాడ సతీష్ ఇంటికి నిప్పు పెట్టింది. పోలీసుల మీద రాళ్ళు పడ్డాయి. అమలాపురం ఎస్సీ రిజర్వుడు లోక్‌సభ స్థానం. అమలాపురం, రాజోలు, పి.గన్నవరం ఎస్సీ అసెంబ్లీ స్థానాలు. ఆ గడ్డ మీద అంబేద్కర్ పేరు పెట్టడానికి ఇంత కోపమా అని ఆ రాత్రి చాలా ఇళ్ళల్లో మౌనంగా అడుక్కున్నారు. 'మేము వద్దన్నది ఆయన్ని కాదు, కోనసీమ అన్న అందమైన పేరు పొడుగవడాన్ని' అన్నవాళ్ళూ నాకు ఎదురయ్యారు. అంతకు ముందు 2008లో నెల్లూరు జిల్లాకు పొట్టి శ్రీరాములు పేరు చేర్చారు. అక్కడెవరూ ఇల్లు తగలబెట్టలేదు. పేరు పొడుగవడమే అసలు బాధ అయితే ఆ లెక్క కుదరదు. ఖైర్. జూన్ 24న మంత్రివర్గం ఆమోదించింది, ఆగస్టులో పేరు ఖాయమైంది.

అంత నిప్పు దాటి వచ్చిన పేరును, నా సర్వర్‌కు చుక్కలు పడవని, సౌలభ్యం కోసం నేను కత్తిరించాలా? వద్దన్నవాళ్ళు చెయ్యలేని పనిని ఒక స్క్రిప్టు చేత చేయించినట్టు అవుతుంది.

ఇంకో సంగతీ ఉంది. మా ఇళ్ళల్లో పేర్లకు ఈ చుక్కల తఖ్లీఫ్ కొత్త కాదు. షేక్ అన్నది రిజిస్టర్లో ఎస్.కె. అవుతుంది. మొహమ్మద్ అన్నది ఎం.డి. అవుతుంది. ఒక దఫ్తర్‌లో గుమాస్తా నా దరఖాస్తు చూసి "ఏ కంపెనీకి ఎండీ అండి మీరు" అని నవ్వాడు. నేనూ నవ్వాను. ఇంటికొచ్చాక నవ్వు రాలేదు. అమ్మీ నాన్నా అఖీఖా చేసి, పెద్దల నడిగి పెట్టుకున్న పేరు రెండక్షరాలూ రెండు చుక్కలూ అయి కూర్చుంటే, పహచాన్ ఎక్కడ మిగిలింది? కాలమ్‌లో చోటు చాలలేదంటారు. ఎవరి పేరుకు చోటు చాలదో ఎప్పుడూ గమనించండి.

అందుకని మా వాడితో అన్నాను, "బేటా, పేరు తియ్యొద్దు, చుక్కలు తియ్యి." తెలుగులో ఆ చుక్కలు అవసరమే లేదు. అవి ఇంగ్లీషు పొడి అక్షరాల వెంట వచ్చినవి. మన పత్రికలు ఎప్పుడో వాటిని వదిలేసి ఎన్టీఆర్, వైఎస్సార్, బీఆర్ అని కలిపి రాస్తున్నాయి. డా. అని కుదించే బదులు డాక్టర్ అని పూర్తిగా రాస్తే పోయేదేముంది? 'డాక్టర్ బీఆర్ అంబేద్కర్ కోనసీమ'. ఒక్క చుక్క లేదు, ఒక్క అక్షరమూ తగ్గలేదు. నాలుగు పెట్టెల్లోనూ సరిపోయింది. సర్వర్లో చుక్కలు కూడా పట్టేలా చేసే ఏర్పాట్లు కొన్ని ఉన్నాయి, కానీ అద్దె సర్వర్లో అది మన చేతిలో ఉండదు.

తర్వాతి చిక్కు లిపి. మెయిల్ సర్వర్‌తో మాట్లాడే భాష పేరు ఐమ్యాప్. దాని పాత నియమాల ప్రకారం ఫోల్డర్ పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లోనే ప్రయాణించాలి. తెలుగు పేరు పెడితే అది లోపల ఒక రహస్య లిపిలోకి మారుతుంది. సవరించిన యూటీఎఫ్-7 అంటారు. '&' గుర్తుతో మొదలై చిన్న గీతతో ముగుస్తుంది. 'కోనసీమ' అని మనం రాసేది కంప్యూటర్ లెక్కలో ఆరు సంకేతాలు. సర్వర్‌కు వెళ్ళేసరికి అది పద్దెనిమిది ఇంగ్లీషు గుర్తులు. ఆ జాబితా చూస్తుంటే ఒక తమాషా కనబడింది. తెలుగు పేర్లన్నీ '&' తర్వాత డి అక్షరంతో, ఉర్దూ పేర్లన్నీ బి అక్షరంతో మొదలవుతున్నాయి. ఆ రెండు లిపులకూ యూనికోడ్‌లో కేటాయించిన ఇళ్ళ వరుసలు అలాంటివి. బళ్ళో ఒక లిపి, కాలేజీలో ఒక లిపి నేర్చుకున్న నాకు రెండూ పక్కపక్కనే నఖాబ్ వేసుకుని నిలబడినట్టు అనిపించింది. పైథాన్‌లోని ఐమ్యాప్ పరికరం ఈ మార్పిడి తనంతట తాను చెయ్యదు, మనమే చేసి ఇవ్వాలి. 2021లో వచ్చిన కొత్త ఐమ్యాప్ నియమాల్లో పేర్లు నేరుగా యూనికోడ్‌లో వెళ్ళొచ్చు. అన్ని సర్వర్లూ ఇంకా అక్కడికి చేరలేదు.

ఇక అసలు మసలా: ఏ పేర్లు మార్చాలి, ఏవి మార్చకూడదు? కొత్త పేరు వచ్చింది కదా అని పాతవన్నీ మార్చేస్తే అది తారీఖుతో ఆడుకోవడమే. ఉర్దూలో తారీఖ్ అంటే తేదీ, తారీఖ్ అంటే చరిత్ర కూడా. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరంలో గ్యాస్ పైప్‌లైన్ పేలినప్పుడు నేను రాసిన వార్తల మీద తూర్పు గోదావరి అనే ఉంది. 2020 సెప్టెంబరులో అంతర్వేది రథం కాలినప్పుడూ అంతే. వాటిని కొత్త జిల్లా కింద చేర్చితే, ఆ రోజు సాయం కోసం కాకినాడ కలెక్టరేట్ దాకా వెళ్ళినవాళ్ళ నడక అర్థం కాకుండా పోతుంది. కాబట్టి 2022 ఏప్రిల్‌కు ముందువి తూర్పు గోదావరి పేరుతోనే ఉంచాను. మూడు నాలుగు రకాలుగా ఉన్న స్పెల్లింగులు మాత్రం ఒక్కటి చేశాను. ఆగస్టు తర్వాతివాటికి పూర్తి కొత్త పేరు. మధ్యలో ఆ నాలుగు నెలల ఫోల్డర్ ఒకటుంది. మే 24 అందులోనే ఉంది. దానికి 'కోనసీమ' అన్న పేరే ఉంచేశాను. ఆ రోజు జిల్లా పేరు అదే. ఏ పేరు మీద గొడవ జరిగిందో, ఆ పేరుతోనే ఆ గొడవ గవాహీ ఇవ్వాలి.

పని మొదలుపెట్టే ముందు నాలుగు పెట్టెలకూ నకలు తీశాం. పాత పేరు ఎడమ పక్క, కొత్త పేరు కుడి పక్క రాసిన పట్టిక అచ్చు వేసి, టీ తాగుతూ ఒక్కో వరుసా చదివాను. ప్రతి ఫోల్డర్లో ఎన్ని ఉత్తరాలున్నాయో ముందే లెక్క రాసుకున్నాం, తర్వాత మళ్ళీ లెక్కపెట్టాం. సర్వర్‌కు పేరు మార్చమని ఆదేశం ఇస్తే పిల్ల ఫోల్డర్ల పేర్లు తనే మారుస్తుంది. ఇన్‌బాక్స్ ఒక్కటే మొండిది. దాని పేరు మార్చమంటే అందులో ఉన్న ఉత్తరాలన్నీ కొత్త పేరులోకి వెళ్ళిపోతాయి, ఇన్‌బాక్స్ మాత్రం ఖాళీగా అక్కడే నిలబడుతుంది. దాన్ని పట్టికలోంచి తీసేశాం.

ఒక షరతు గట్టిగా పెట్టాను: ఎక్కడైనా పేరే మార్చాలి గానీ, కొత్త ఫోల్డర్లోకి ఉత్తరాలు ఒక్కొక్కటిగా మళ్ళీ వేసి పాతది పారెయ్యకూడదు. బయటికి రెండూ ఒకటే అనిపిస్తాయి. కానీ ఉత్తరం లోపల పంపినవాడు రాసిన తేదీ ఒకటి, పెట్టెకు చేరిన తేదీ ఇంకొకటి ఉంటాయి. రెండోది తపాలా ముద్ర లాంటిది. స్క్రిప్టు ఉత్తరాన్ని కొత్తగా వేసేటప్పుడు ఆ తేదీ చెప్పకపోతే, సర్వర్ ఇవాళ్టి ముద్ర కొట్టేస్తుంది. మే 24 తర్వాత కొన్ని రోజులు కోనసీమలో నెట్ ఆపేశారు. ఎదుర్లంక వైపు గోదావరి ఒడ్డుకు పోయి, అవతల యానాం సిగ్నల్ అందితే ఖబర్లు పంపాను. ఫోటో తీసిన గంటకూ ఉత్తరం చేరిన గంటకూ మధ్య ఎడం ఎందుకుందో చెప్పేది ఆ ముద్రే. కొత్తపేట పెద్దాయన అడిగింది సరిగ్గా దాన్నే. అది చెరిగిపోతే నా దగ్గరున్నది సబూత్ కాదు, ఉత్త కథ.

లెక్కలన్నీ సరిపోయాయి, అల్‌హందులిల్లా. ఇంకొక్క పని మిగిలింది, పాత పేరును నమ్ముకుని ఉన్నవాళ్ళ పని. సర్వర్లో ఉత్తరాలు పంచిపెట్టే ఫిల్టర్లు సంఖ్యల్ని చూడవు, పేర్లనే చదువుతాయి. పాత పేరు అలాగే ఉంటే, కొత్త ఉత్తరం రాగానే కొన్ని సర్వర్లు దాన్ని ఇన్‌బాక్స్‌లో పడేస్తాయి. కొన్ని పాత పేరుతో మళ్ళీ కొత్త ఫోల్డరు పుట్టిస్తాయి. ఫోన్లో చూసే ఫోల్డర్ల చందా జాబితాలో కూడా పాత పేరే మిగిలిపోవచ్చు. అవన్నీ ఒక్కొక్కటిగా సరిచేశాం. జిల్లాలోనూ ఇదే జరుగుతోంది. రబ్బరు స్టాంపులు, దుకాణాల బోర్డులు, పెళ్ళి కార్డులు, ఇంకా పాత చిరునామాతోనే వచ్చే ఉత్తరాలు. గెజెట్ ఒక్క రోజులో వస్తుంది. పేరు నోటికీ చేతికీ రావడానికి ఏళ్ళు పడుతుంది, వచ్చేదాకా పాత పేరుతో వచ్చినవాణ్ణి గుమ్మంలోంచి తిప్పి పంపకూడదు.

కాబట్టి రాజోలు, అమలాపురం, కొత్తపేట, ముమ్మిడివరం వైపు చదువరులకు ఒక ఇత్తిలా. ఈ ఇరవై ఏళ్ళలో మీ ఊరి మీద నేను రాసిన వార్త, తీసిన ఫోటో ఏదైనా కావాలంటే అడగండి. ఊరి పేరు, ఉరామరిగా తారీఖు చెప్తే చాలు. జిల్లా పేరు మూడింట్లో ఏది చెప్పినా దొరుకుతుంది.